పిల్లలకు ‘బ్లాక్ బ్యూటీ’ చదివి వినిపించాలంటే

మూగజీవాల మీద దయ నేర్పే పుస్తకం అని మొదలుపెట్టారో, పిల్లలు అప్పుడే లేచిపోతారు. ఒక గుర్రం తన కథ తనే చెప్పుకుంటుంది అనండి, చాలు. తార్నాకలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారం సాయంత్రాలు సెల్లార్‌లో చాప వేసి నేను చదివేది ఇలాగే. ఇంగ్లీషులో ఒక పేరా, వెంటనే అదే తెలుగులో, నా మాటల్లో.

కుదించిన బొమ్మల పుస్తకం కొనకండి. 1877లో అన్నా సెవెల్ రాసిన అసలు పుస్తకంలో 49 అధ్యాయాలున్నా అన్నీ పొట్టివే. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కుదించేవాళ్లు కథ ఉంచేసి, కళ్లెం ఎలా తగిలించాలి, పరుగెత్తి వచ్చిన గుర్రాన్ని ఎలా తుడవాలి లాంటివి తీసేస్తారు. నాకైతే పుస్తకం ప్రాణమంతా అక్కడే ఉందనిపిస్తుంది. ఆవిడ రాసింది గుర్రాలతో పనిచేసేవాళ్ల కోసం మరి. పద్నాలుగేళ్లప్పుడు బడి నుంచి వస్తూ జారిపడి చీలమండలు దెబ్బతిన్నాయి. అప్పటినుంచి సరిగ్గా నడవలేక, ఎక్కడికెళ్లాలన్నా గుర్రబ్బండే దిక్కయింది. పుస్తకం అచ్చయిన ఐదు నెలలకు పోయింది.

రెండో అధ్యాయంలోనే వేట. ఒక కుందేలు, ఒక గుర్రం, దాని మీదున్న కుర్రాడు ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఆ సంగతి ముందే చెప్పండి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకైతే నేను ఈ పుస్తకం చదవను.

18, 19 అధ్యాయాలు ఒకే పూట, తీరిగ్గా చదవాలి. యజమానురాలికి ప్రాణం మీదికొస్తే కథ చెప్పే గుర్రం బ్యూటీ రాత్రికి రాత్రి ఎనిమిది మైళ్లు పరుగెత్తుతుంది, తిరుగుదారిలో డాక్టరును మోసుకొస్తుంది. ఒళ్లంతా చెమటలు, ఆవిర్లు. శాలలో ఉన్నది పద్నాలుగేళ్ల జో గ్రీన్. పాపం, ప్రేమగానే కాళ్లూ రొమ్మూ తుడుస్తాడు. బకెట్ నిండా చన్నీళ్లు పెడతాడు. ఒళ్లు వేడిగా ఉంది కదా అని దుప్పటి కప్పడు. తెల్లారేసరికి గుర్రానికి జబ్బు. తెలియక చేశాడులే అని వాళ్ల నాన్న అంటే, బండి తోలే జాన్ మాన్లీ మండిపడతాడు. దుర్మార్గం తర్వాత లోకంలో అంత చెడ్డది తెలియకపోవడమేనంటాడు.

ఇక్కడ ఆగి, జో మంచివాడేనా అని అడగండి. అడిగి మీరు మాట్లాడకండి. మా దగ్గర ఒక పాప కాసేపు ఊరుకుని, అక్వేరియంలో చేపలకు రోజూ గుప్పెడు అన్నం వేసేదాన్నని తనంతట తనే చెప్పింది. ఇంకోమాట, చన్నీళ్లు పెట్టడమూ తప్పేనని జాన్ అనుకుంటాడు కానీ, చెమటతో ఉన్న గుర్రాన్ని నీళ్లు తాగనివ్వచ్చనే ఇప్పటి పశువైద్యులు అంటారు. కాస్త పెద్ద పిల్లలుంటే అదీ చెప్పండి, జాన్‌కు కూడా అన్నీ తెలియవని నవ్వుకుంటారు.

బేరింగ్ రీన్ అంటే షోకు కోసం గుర్రం తల ఎప్పుడూ పైకే ఉండేలా బిగించే పగ్గం. మాటల్లో చెబితే బుర్రకెక్కదు. గోడకు రెండు చేతులూ ఆనించి బలంగా తోయమనండి. ఒకసారి తల వంచి, ఒకసారి గడ్డమెత్తి పైకప్పు చూస్తూ. మెడకు చున్నీ, తువ్వాలు లాంటివి మాత్రం కట్టుకోనివ్వద్దు. ఆ తర్వాత 22, 23 అధ్యాయాలు చదివితే, బ్యూటీతో పాటు బండి లాగే గుర్రం జింజర్ ఎందుకు కాళ్లు ఝాడించిందో మీరు వివరించక్కర్లేదు.

ఆ జింజర్ చావే 40వ అధ్యాయం. పడుకునే ముందు వద్దు, పగలు చదవండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

మధ్యమధ్య తాగుడు మీద ఉపన్యాసాలొస్తాయి, వాటిని నేను నాలుగు ముక్కల్లో దాటేస్తాను. 39 మాత్రం వదలను. లండన్‌లో బండి తోలే శామ్ ఒక బండికీ రెండు గుర్రాలకూ కలిపి రోజుకు 18 షిల్లింగులు అద్దె కట్టాలి, ఆ పైన వస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. అలిసిన గుర్రాన్ని అదిలించేదీ అతనే, కొన్నాళ్లకు మంచాన పడి చచ్చిపోయేదీ అతనే. పిల్లలకు అతని మీద కోపం రావాలో జాలి పడాలో తేలదు. తేల్చకండి.

పుస్తకం అయ్యాక పెళ్లిళ్ల సీజన్లో ఊరేగింపు గుర్రాన్ని చూపించండి. వెనకవైపు వెళ్లనివ్వకుండా, పక్కనుంచి. నోటి మూలల్లో కళ్లెం ఒరుసుకున్న పుండ్లున్నాయా, జీను పట్టీ కింద వెంట్రుకలు ఊడాయా, బ్యాండు మోగితే చెవులు వెనక్కి వాలుస్తోందా చూడమనండి. తోలే అతన్ని దబాయించొద్దు. “భయ్యా, దీని పేరేంటి? నీళ్లెప్పుడు తాగింది?” అంటే చాలు, మాటలు కలుస్తాయి. గుర్రం ఎవరిది, అతనికేం మిగులుతుంది అన్నవి పెద్దవాళ్లు అడగాలి. పుండ్లున్న జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అలా కనిపిస్తే ఫోటో తీసి, జంతువుల బాగోగులు చూసే బ్లూ క్రాస్ సంస్థ వాళ్లకు చెప్పండి. నీళ్లకైతే ఫంక్షన్ హాల్లో వంటవాళ్లను అడగండి, ఒక బకెట్‌కు ఎవరూ కాదనరు.