సర్వర్‌లో లినక్స్ డిస్ట్రిబ్యూషన్ మార్చే ముందు జాగ్రత్తలు

ఏ డిస్ట్రిబ్యూషన్ (లినక్స్‌తో తయారుచేసిన పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్) మంచిదని వాదించుకునే ముందు, ఇప్పుడు నడుస్తున్న దానికి భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ వరకు వస్తాయో చూసుకోవాలి. సెంటోస్ అనే డిస్ట్రిబ్యూషన్ 7వ వెర్షన్‌కు అవి 2024 జూన్ 30తో ఆగిపోయాయి. 2029 వరకు ఢోకా లేదనుకున్న సెంటోస్ 8కు 2021 చివరలోనే గడువు ముగిసింది కనుక, తేదీతో పాటు ఆ మాట ఇచ్చినవారెవరో కూడా చూడటం అవసరం. ఉబుంటు ఎల్‌టీఎస్‌కు (దీర్ఘకాల మద్దతు ఉండే వెర్షన్‌కు) ఉచితంగా వచ్చే అయిదేళ్ల భద్రతా అప్‌డేట్ల హామీ ఉబుంటు సంస్థే చూసుకునే 'మెయిన్' విభాగానికే గాని, వాలంటీర్లు చూసుకునే 'యూనివర్స్' విభాగంలోని ప్యాకేజీలకు (సాఫ్ట్‌వేర్ మూటలకు) వర్తించదన్న సంగతి చాలామంది గమనించరు.

వెర్షన్ అంకె పాతదైనంత మాత్రాన ప్యాకేజీలో లోపం ఉందని నిర్ధారించుకోకూడదు. డెబియన్ స్టేబుల్ (డెబియన్‌లో స్థిరపడిన విడుదల), రెడ్ హ్యాట్ వంటి డిస్ట్రిబ్యూషన్లు వెర్షన్‌ను కదపకుండా, లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మాత్రమే అందులో చేరుస్తాయి. కొత్తది తొందరగా రావడంలోని ప్రమాదం 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ విషయంలో బయటపడింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ కారణం వెదకగా, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో కావాలని పెట్టిన దొంగదారి దొరికింది. ఆ వెర్షన్లు డెబియన్ టెస్టింగ్‌కు (పరీక్ష దశలోని విడుదలకు) చేరాయి గాని, 5.4.1 దగ్గరే ఉన్న స్టేబుల్‌కు చేరలేదు. తర్వాత పాత వెర్షన్‌కు వెనక్కి మార్చిన ప్యాకేజీకి డెబియన్ పెట్టిన '5.6.1+రియల్లీ5.4.5-1' (పైకి 5.6.1, నిజానికి 5.4.5) అన్న పేరు చూస్తే, అంకెను మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదని అర్థమవుతుంది.

కొత్త వెర్షన్లు ఎప్పటికప్పుడు వచ్చే ఆర్చ్ డిస్ట్రిబ్యూషన్ వాడేవారు ప్రతి అప్‌డేట్‌కు ముందు దాని వార్తల పేజీ చదవాలి, కొన్ని ప్యాకేజీలనే ఎంచి అప్‌డేట్ చేయకూడదు. ఫెడోరా ఒక్కో వెర్షన్‌కు మద్దతు సుమారు 13 నెలలే కనుక, ఏటా మార్చే ఓపిక లేనివారు దానిని సర్వర్‌లో పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

డెబియన్ 11 నుంచి నేరుగా 13కు దూకకూడదు, మధ్యలో 12కు మారి తీరాలి. దూరం నుంచి అప్‌గ్రేడ్ చేసేవారు టీమక్స్ (కనెక్షన్ తెగినా సర్వర్‌లో పని ఆగకుండా చూసే ప్రోగ్రామ్) లోపలే ఆ పని మొదలుపెట్టాలి. ఒక రాత్రి నేను అలా చేయకపోవడం వల్ల, నెట్ తెగి సగంలో ఆగిన ప్యాకేజీలను సరిచేసేసరికి తెల్లవారింది.

ఉబుంటు నుంచి రాకీ లేదా ఆల్మా డిస్ట్రిబ్యూషన్‌కు మారేవారికి ఎస్‌ఈలినక్స్ (ఫైళ్లకు పెట్టిన లేబుల్‌ను బట్టి ఏ ప్రోగ్రామ్ దేనిని వాడవచ్చో నియంత్రించే భద్రతా వ్యవస్థ) కొత్తగా ఎదురవుతుంది. హోమ్ డైరెక్టరీ నుంచి 'ఎంవీ' (ఫైళ్లను తరలించే ఆదేశం)తో వెబ్ ఫోల్డర్‌లోకి తెచ్చిన ఫైళ్లకు పాత లేబుల్ అలాగే అంటుకుని ఉండి, పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ 403 (అనుమతి లేదన్న లోపం) చూపవచ్చు. అప్పుడు ఎస్‌ఈలినక్స్‌ను ఆపివేయకుండా, ఆ ఫోల్డర్‌పై 'రీస్టోర్‌కాన్' (లేబుళ్లను సరిచేసే ఆదేశం) నడపాలి.