స్కూల్ లైబ్రరీలోంచి ఫలానా పుస్తకం తీసేయమని ఎవరైనా వస్తే

ఆరో తరగతి పాప తండ్రి ఒకాయన కథల పుస్తకం పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చారు. ఒక పేజీ మూల మడిచి ఉంది. "ఇలాంటివా మేడమ్ పిల్లలకిచ్చేది?" అన్నారు. ఆ పేజీలో కూలికెళ్లి వచ్చిన తల్లి, తాగొచ్చిన మొగుణ్ణి తిడుతుంది. ఆ తిట్టు కింద పెన్సిల్ గీత. నాకు టెన్షన్ వచ్చేసి "తీసేస్తాను సార్" అనేశాను. పుస్తకం బీరువా పై అరలో పెట్టి తాళం వేశాను. రెండు వారాలకు ఇంకో పాప వచ్చి, "ఆ కథల పుస్తకం ఏది మేడమ్, సగమే చదివాను" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. తీసేసినట్టు ఏ రిజిస్టర్‌లోనూ లేదు మరి.

అందుకే లైబ్రరీ బాధ్యత కొత్తగా తీసుకున్న టీచర్లకు చెబుతున్నాను, ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి. కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి, చెప్పేదంతా వినండి, వాదనకు దిగకండి. "మా పాపకి వద్దు" అంటే అది వాళ్లిష్టం. ఇష్యూ రిజిస్టర్‌లో ఆ పాప పేరు పక్కన రాసుకుంటే చాలు. "ఎవరికీ ఇవ్వొద్దు" అంటే మాత్రం తెల్లకాగితం ఇచ్చి రాయమనండి.

ఆ కాగితంలో పుస్తకం పేరు, అక్సెషన్ నంబరు (స్టాక్ రిజిస్టర్‌లో ఆ పుస్తకానికి వేసిన నంబరు), అభ్యంతరం ఏ పేజీలో ఏ వాక్యం మీదో ఉండాలి. పుస్తకం మొత్తం చదివారా, దీనివల్ల పిల్లలకు ఏమవుతుందని మీ భయం అని కూడా అడగండి. కింద సంతకం, తేదీ. వాట్సాప్ మెసేజ్ ఒప్పుకోవద్దు. రాయడానికి కూర్చున్నాక కొందరు, "ఉండండి మేడమ్, మొత్తం చదివి వస్తా" అని పుస్తకం ఇంటికి తీసుకెళ్లారు. నాకు అంతకంటే కావలసిందేముంది!

తర్వాత చిన్న కమిటీ వేయండి. హెచ్‌ఎం, తెలుగు టీచరు, ఇంకో సబ్జెక్టు టీచరు, తల్లిదండ్రుల కమిటీ నుంచి ఒకరు. అందరూ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. తేలేదాకా పుస్తకం అరలోనే ఉండాలి. అమెరికా లైబ్రరీ సంఘం చెప్పే పద్ధతీ ఇదే. ఒకటే కాపీ ఉంటే, కమిటీవాళ్లకు కూడా పిల్లలకిచ్చినట్టే రిజిస్టర్‌లో రాసి ఇవ్వండి.

ఉంచాలా, పెద్ద తరగతుల అరలోకి మార్చాలా, తీసేయాలా అన్నది కారణంతో సహా రాయండి. తీసేస్తే స్టాక్ రిజిస్టర్‌లో అసలు కారణమే రాసి హెచ్‌ఎం సంతకం తీసుకోండి. దయచేసి "చిరిగింది" అని మాత్రం రాయకండి.

కొన్నిసార్లు పదిమంది కలిసి వచ్చి "ఇది నిషేధించిన పుస్తకం" అంటారు. నోటిఫికేషన్ చూపించమనండి. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 98వ సెక్షన్ కింద ఒక పుస్తకాన్ని జప్తు చేయాలంటే రాష్ట్ర ప్రభుత్వం కారణాలు చెబుతూ నోటిఫికేషన్ ఇవ్వాలి. దాని మీద రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్లొచ్చని 99వ సెక్షన్ చెబుతుంది.

పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన కావ్యం 'రాధికా సాంత్వనము' సంగతి చూడండి. గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని అచ్చు వేయిస్తే, అశ్లీలమని మరుసటి ఏడే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ఆ నిషేధం ఎత్తేశారు. అక్కడ ఒక ఉత్తర్వంటూ ఉంది కాబట్టి, ముప్పయ్యేళ్లు దాటాకైనా రద్దు చేయగలిగారు. నేను బీరువాలో పెట్టిన పుస్తకానికి ఉత్తర్వే లేదు, ఇక ఎవరు దేన్ని రద్దు చేస్తారు? తాళం తీసి నేనే మళ్లీ అరలో పెట్టాను. అప్పటికి సగమే చదివిన ఆ పాప వేరే స్కూల్లో చేరిపోయింది.

నిర్ణయం ఏదైనా, ఫిర్యాదు చేసినవాళ్లకు రాతలో జవాబివ్వండి. మీ కాపీ మీద వాళ్ల సంతకం తీసుకుని, ఫిర్యాదు కాగితంతో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి. మీకు బదిలీ అయితే, కొత్త ఇన్‌ఛార్జికి తాళాలతో పాటు ఆ ఫైలూ ఇవ్వండి.