విమ్‌లో % కొట్టినా ట్యాగ్ జత దొరకట్లేదా? ముందు ఫైల్‌టైప్ చూడండి

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో బ్రాకెట్ మీద % కొడితే దాని జత దగ్గరికి టక్కున వెళ్తుంది. అదే హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీ) ఫైల్లో డివ్ ట్యాగ్ మీద కొడితే కదలదు, లేదా ఆ ట్యాగ్‌లోనే < నుంచి > మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. ఈ రెండూ ఒకే సమస్య కాదు. అసలు కదలకపోతే విమ్‌కి అది హెచ్‌టీఎంఎల్ అనే తెలియలేదని అనుమానించాలి, < > మధ్యే తిరుగుతుంటే ఫైల్‌టైప్ (ఇది ఏ రకం ఫైల్ అని విమ్ అనుకుంటోందో ఆ సెట్టింగ్) సరిగానే ఉంది కానీ ట్యాగ్ జతలు వెతికిపెట్టే మ్యాచిట్ ప్లగిన్ లోడ్ అవలేదన్నమాట. ఇంకోటి, కర్సర్ < మీద ఉంటే మ్యాచిట్ ఉన్నా అది > దగ్గరికే వెళ్తుంది, కాబట్టి ట్యాగ్ పేరు మీద పెట్టి చూడండి.

ముందు :వెర్బోస్ సెట్ ఫైల్‌టైప్? అని కొట్టండి (కమాండ్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నా, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి). వెర్బోస్ ఎందుకంటే ఫైల్‌టైప్ ఏమిటో చెప్పడమే కాదు, చివరిసారి దాన్ని ఏ స్క్రిప్ట్ పెట్టిందో కూడా చూపిస్తుంది, సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. జవాబు ఖాళీగా వస్తే ఉత్త :ఫైల్‌టైప్ కొట్టి చూడండి. డిటెక్షన్, ప్లగిన్ రెండూ ఆన్ అని రావాలి. లేకపోతే విమ్‌ఆర్‌సీలో (విమ్ సెట్టింగుల ఫైల్) ఫైల్‌టైప్ ప్లగిన్ ఆన్ అన్న లైన్ పెట్టాలి.

హెచ్‌టీఎంఎల్ బదులు హెచ్‌టీఎంఎల్‌జాంగో అని వస్తే కంగారు పడకండి, ఫైల్ మొదట్లో జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) టెంప్లేట్ గుర్తులు కనిపిస్తే విమ్ అలాగే అనుకుంటుంది, ట్యాగ్ జతలు అప్పుడూ పనిచేస్తాయి.

అసలు చిక్కు మీరు సొంతంగా పెట్టుకున్న ఫైల్ ఎక్స్‌టెన్షన్ల (ఫైల్ పేరు చివర చుక్క తర్వాతి భాగం) దగ్గర. హోమ్‌లోని .విమ్ ఫోల్డర్లో ఎఫ్‌టీడిటెక్ట్ అనే ఫోల్డర్ చేసి, అందులో .విమ్ ఫైల్ ఒకటి పెట్టి, ఆ ఎక్స్‌టెన్షన్ ఫైల్ తెరిచినా కొత్తగా మొదలుపెట్టినా ఫైల్‌టైప్ హెచ్‌టీఎంఎల్ అయ్యేలా ఆటోకమాండ్ (దానంతటదే నడిచే ఆదేశం) రాయండి. చాలామంది ఇక్కడ ఫైల్‌టైప్ పెట్టడానికి సెట్‌ఎఫ్ అనే కమాండ్ వాడేస్తారు, కానీ విమ్ ముందే వేరే టైప్ పెట్టేసి ఉంటే సెట్‌ఎఫ్ దాన్ని ముట్టుకోదు. సెట్ ఫైల్‌టైప్= అనే రాయండి.

మ్యాచిట్ సంగతి తేలిక: విమ్ 8 నుంచి విమ్‌ఆర్‌సీలో ప్యాక్‌యాడ్! మ్యాచిట్ ఒక్క లైన్ చాలు, విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో అదీ అక్కర్లేదు. లైన్ పెట్టాక విమ్ మూసి మళ్ళీ తెరవండి. అప్పటికీ కొన్ని ట్యాగ్‌ల మీద కదలకపోతే అవి బీఆర్, ఇమ్‌జీ లాంటి జత లేనివేమో చూడండి, కాకపోతే ఫైల్లో నిజంగానే ఎక్కడో ముగింపు ట్యాగ్ పోయి ఉంటుంది.