మగ్గం వర్క్‌కు ఏ లైటు? సమస్యలు - పరిష్కారాలు

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే అనంతపురంలో మగ్గం వర్క్ చేసే ఇళ్లలో అర్ధరాత్రి దాకా లైట్లు ఆరవు. కుట్టు వంకర పోతే సూదిని, రంగు కలవకపోతే దారాన్ని తిట్టుకుంటాం. తలపైన వేలాడే బల్బును మాత్రం ఎవరూ అనుమానించరు. కింద చెప్పినవాటిలో కొన్నింటికి పైసా ఖర్చు లేదు, కాబట్టి ముందు అవి చూసుకుని తర్వాతే కొట్టుకు వెళ్లండి.

రాత్రి చీరకు సరిగ్గా కలిసిన దారం పొద్దున్నే తేడాగా కనిపిస్తోంది

అందరూ ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. డబ్బా మీద ‘కూల్ డే లైట్, 6500 కె’ అని చూడగానే ఎండలాంటి వెలుగు అనుకుంటాం. ఆ అంకె చెప్పేది తెలుపు పసుపు వైపు ఉందా, నీలం వైపు ఉందా అన్నది మాత్రమే. రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె వేరే ఉంది, దాన్ని సీఆర్‌ఐ అంటారు. పాతకాలపు ఫిలమెంటు బల్బుకు అది దాదాపు 100, మామూలు ఎల్‌ఈడీకి 80 చుట్టూ ఉంటుంది.

80 అంటే ఫస్టు క్లాసే కదా అనిపిస్తుంది. కానీ ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపు అందులో లేదు, దాన్ని ఆర్9 అని విడిగా లెక్కిస్తారు. సీఆర్‌ఐ 80 ఉన్న దీపానికి ఆర్9 సున్నా దగ్గర ఉన్నా ఆశ్చర్యం లేదు. మన పెళ్లి చీరల్లో ఉండేవేమో మెరూన్, కుంకుమ, అరక్కు (లక్కలాంటి ముదురు ఎరుపు) రంగులు.

5000 నుంచి 6500 కె మధ్య, సీఆర్‌ఐ 90కి పైన ఉన్న దీపం తీసుకోండి. 95 దొరికితే ఇంకా మేలు. ఆర్9 రాసి ఉంటే 50కి తగ్గకుండా చూడండి. డబ్బా మీద సీఆర్‌ఐ అసలు లేకపోతే అది మామూలు బల్బే అనుకోండి, కొట్టువాడు ఎంత మెచ్చుకున్నా సరే. దగ్గరి ఛాయల మెరూన్ దారపు రీళ్లు రెండు సంచిలో వేసుకుని వెళ్లి, ఆ దీపం కింద ఒకసారి, కొట్టు బయట పగటి వెలుతురులో ఒకసారి పోల్చి చూడండి.

మంచి దీపం ఉన్నా తీరని చిక్కు ఒకటుంది. ధర్మవరం పట్టుకు వేసిన అద్దకం వేరు, మన రీలుకు వేసిన అద్దకం వేరు. అలాంటి రెండు రంగులు ఒక వెలుగులో కలిసిపోయి, ఇంకో వెలుగులో విడిపోవచ్చు. జాకెట్టు తొడుక్కునేది కల్యాణ మండపంలో, పసుపు లైట్ల కింద. కాబట్టి దారం ఖాయం చేసే ముందు పగటి వెలుతురులోనూ, ఒక పసుపు బల్బు కిందా చూడండి. రెండుచోట్లా కలిస్తేనే మొదటి కుట్టు వేయండి.

వెలుగు ఉంది, కుట్టు కనిపించడం లేదు

సీలింగు దీపం వీపు వెనక ఉంటే మన తల నీడ మగ్గం మీదే పడుతుంది. కుడిచేతి వాటం వారికి ఎడమవైపు ముందు నుంచి, ఎడమచేతి వారికి కుడివైపు ముందు నుంచి వెలుగు రావాలి.

మిగతాది లెక్క. బల్బు ఇచ్చే మొత్తం వెలుగును ల్యూమెన్లలో, పని మీద పడే వెలుగును లక్స్‌లో కొలుస్తారు. యూరపు ప్రమాణాల్లో కుట్టుపనికి 750 లక్స్, రంగుల పరిశీలనకు 1000 లక్స్ అడుగుతారు. 120 చదరపు అడుగుల గదిలో 900 ల్యూమెన్ల బల్బు వెలుగంతా నేల మీదే పడిందనుకున్నా సగటున వచ్చేది 80 లక్స్ చుట్టూనే. ఎక్కువ వాట్ల బల్బు కోసం పరుగెత్తకండి. చిన్న బల్బునే వంచుకునే స్టాండులో పెట్టి దగ్గరికి తెచ్చుకోండి. దూరం సగమైతే పడే వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది. గది దీపాన్ని మాత్రం ఆర్పకండి, చుట్టూ చీకటి ఉంటే కళ్లు త్వరగా అలసిపోతాయి.

జరీ, కుందన్, అద్దాలు కళ్లలోకి కొడుతున్నాయి

బల్బు బట్టబయలుగా ఉండటమే కారణం. పాలతెలుపు మూత ఉన్న వెడల్పాటి దీపం వాడి, కొంచెం పక్కకు జరపండి. నిమ్మలకుంట ఊరి రంగుబొమ్మల తోలు లాంప్‌షేడ్లు అందంగా ఉంటాయి, హాల్లో పెట్టుకోండి. పని దగ్గర మాత్రం వద్దు, ఆ బొమ్మల రంగులన్నీ బట్ట మీద పడతాయి.

తలనొప్పి, కళ్లు లాగడం

మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం ఎల్‌ఈడీ దానితోపాటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఫోను కెమెరాను దీపం వైపు పెడితే తెర మీద నల్లటి చారలు కదులుతాయి. అంత స్పష్టంగా కనిపిస్తే ఆ బల్బు మార్చేయండి. కుట్టుమిషను ఉన్నచోట ఇది ప్రమాదం కూడా, తిరుగుతున్న చక్రం ఆగినట్టు కనిపించవచ్చు. బల్బు మార్చినా నొప్పి తగ్గకపోతే, ముఖ్యంగా నలభై దాటినవారు, కళ్ల డాక్టరును కలవండి. చత్వారానికి దీపం మందు కాదు.

భూతద్దం ఉన్న దీపం కొంటే పని అవగానే అద్దం మీద మూత వేయండి. కిటికీలోంచి మన ఎండ దాని మీద పడితే బట్ట కాలిపోవచ్చు.

పగటిపూట కూడా రంగు తేడా

గోడలు చూడండి. చిలకపచ్చ గోడ, వాకిట్లో కట్టిన నీలం పట్టా తమ రంగును బట్ట మీదికి పంపిస్తాయి. మగ్గం దగ్గరి గోడకైనా తెల్లసున్నం వేయించండి. ఉత్తరపు కిటికీ మంచిదని పుస్తకాల్లో ఉంటుంది, నిజమే. కానీ అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదలు నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కూడా మనకు ఉత్తరానికే ఉంటాడు, ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా ఆ కిటికీలోంచే లోపలికి వస్తుంది. ఆ నెలల్లో పలుచని తెల్ల తెర కట్టుకోండి.

కరెంటు పోయినప్పుడు

చార్జింగ్ లైటు కింద పూసలు గుచ్చండి, ముళ్లు వేయండి, అంచులు మడవండి. రంగు పోల్చాల్సిన కొత్త రీలు మాత్రం విప్పకండి.