యుద్ధం రోజుల్లో వైజాగ్ రిపోర్టర్లకు జాగ్రత్తలు

సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయంటే వైజాగ్‌లో రిపోర్టింగ్ మిగతా ఊళ్లలోలా ఉండదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, డాక్‌యార్డు, నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా, రిఫైనరీ అన్నీ జనం మధ్యే ఉన్నాయి. బీచ్ రోడ్డులో ఫోన్ పైకెత్తితే చాలు, ఫ్రేములో ఏదో ఒక యుద్ధనౌక పడొచ్చు. 2025 మే 7న దేశమంతటా జరిపిన సివిల్ డిఫెన్స్ మాక్‌డ్రిల్‌లో మన ఊరూ ఉంది. నిజంగా సైరన్ మోగిన రాత్రి ఏది వెయ్యాలి, ఏది ఆపాలి అని ఆలోచించే తీరిక దొరకదు. స్ట్రింగర్లు, యూట్యూబ్ ఛానళ్ల వాళ్లు, డెస్క్‌లో కూర్చునేవాళ్లు ఈ సంగతులు ఇప్పుడే మాట్లాడుకుని పెట్టుకోండి.

ముందు ఆపాల్సిన వాటి గురించి. ఏ ఓడ ఎక్కడుంది, ఎప్పుడు బయల్దేరింది, ఎన్ని వెళ్లాయి, ఎటు వెళ్లాయి, ఇవేవీ రాయకండి, చూపించకండి. ఈ జాగ్రత్త విలువ వైజాగ్‌కి బాగా తెలుసు. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌ను వెతుక్కుంటూ ఈ తీరానికే వచ్చింది. అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేశారు. అది ఇక్కడే ఉందని నమ్మించడానికి ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే మరో యుద్ధనౌక విక్రాంత్ పేరుతో రేడియో సందేశాలు పంపింది. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ మన హార్బర్ బయటే మునిగిపోయింది. విక్రాంత్ ఇక్కడ లేదని ఆ వారం ఎవరైనా రాసి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. అలాంటి రహస్యాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కానీ ఘాజీ ఎలా మునిగిందనే దాని మీద రెండు దేశాలూ ఈనాటికీ చెరొక కథ చెబుతున్నాయి. యాభై ఏళ్లు దాటాక కూడా ఇది తేలకపోవడం నాకు బాధగా ఉంటుంది.

లైవ్ జోలికి అసలు పోవద్దు. 2008 ముంబై దాడుల్లో మన కమాండోల కదలికలు టీవీల్లో లైవ్‌గా వస్తుంటే, పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు అవే చూస్తూ ఉగ్రవాదులకు ఫోన్లో సూచనలిచ్చారు. 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార ప్రసార శాఖ రక్షణ ఆపరేషన్లను లైవ్ ఇవ్వొద్దని అన్ని మీడియా సంస్థలకూ, సోషల్ మీడియా వాడేవాళ్లకూ చెప్పింది. ఫోన్లో లొకేషన్ ఆఫ్ చేస్తే సరిపోదు. వెనకాల డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ కనిపిస్తే, మీరు ఎక్కడ నిలబడి ఎటువైపు తీశారో తెలిసినవాళ్లు లెక్కగట్టేస్తారు.

ఇక, ఆపకూడనివి చాలా ఉన్నాయి. జాలర్లను వేటకు వెళ్లొద్దంటే ఎన్నాళ్లు, వాళ్లకు పరిహారం ఎవరిస్తారు? వన్‌టౌన్ ఇరుకు సందుల్లో ఉన్నవాళ్లు సైరన్ మోగితే ఎక్కడికి పోవాలి? బ్లాకౌట్‌లో ఆస్పత్రి జనరేటర్ పనిచేసిందా? రక్షణ కొనుగోళ్లలో డబ్బు ఎటు పోయింది? ఇవి రాస్తే శత్రువుకు ఒరిగేదేమీ లేదు, మన జనానికి అవసరం. వీటిని కూడా "సెక్యూరిటీ" అని ఎవరైనా ఆపమంటే పేరు, హోదా, ఏ చట్టం కింద అంటున్నారో అడగండి, రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వకపోతే ఆ ఫోన్ వచ్చిన తేదీ, టైమ్ మీరే రాసిపెట్టుకోండి. జాతీయ భద్రత అన్న మాటను గాల్లోంచి తీసి వాడటం కుదరదని 2023 ఏప్రిల్‌లో మీడియావన్ ఛానల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

సీక్రెట్ ముద్ర ఉన్న కాగితం చేతికొస్తే వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు. నేరుగా ఎడిటర్‌కి, లాయర్‌కి చూపించండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇచ్చినవాడినే కాదు, తెలిసి పుచ్చుకున్నవాడినీ పట్టుకుంటుంది. రక్షణ స్థావరాలకు సంబంధించిన గూఢచర్యమైతే శిక్ష 14 ఏళ్ల దాకా ఉంటుంది. అలాగని భయపడి మూల కూర్చోనక్కర్లేదు. రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు కేసులో, పత్రికల్లో ప్రచురితమైన రహస్య పత్రాలను పరిశీలించొద్దన్న కేంద్రం అభ్యంతరాన్ని 2019 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఇంకో మాట, సమాచారం ఇస్తే డబ్బులిస్తాం అని ఆన్‌లైన్‌లో పరిచయమయ్యే "పరిశోధకుల"తో జాగ్రత్త. 2019లో వైజాగ్‌ను కుదిపేసిన నేవీ గూఢచర్యం కేసు సోషల్ మీడియా పరిచయాలతోనే మొదలైంది.

రూఢి కాని విజయాలూ వెయ్యొద్దు. 2025 మే 8 రాత్రి కరాచీ పోర్టును మన నేవీ ధ్వంసం చేసిందని కొన్ని టీవీ ఛానళ్లు ఊదరగొట్టాయి. అది అబద్ధం. ఆ స్క్రోలింగ్ చూసేవాళ్లలో ఓడ మీద డ్యూటీలో ఉన్నవాళ్ల అమ్మానాన్నలు, భార్యాపిల్లలు కూడా ఉంటారు. ఎవరైనా చనిపోయారని తెలిసినా ఇంటివాళ్లకు కబురు అందేదాకా పేరు బయటపెట్టకండి.

మీరు రాసినవాటి కాపీలు ఇంకోచోట కూడా దాచుకోండి. 2025 మే 9న ది వైర్ అనే వార్తా వెబ్‌సైట్‌ను దేశంలో బ్లాక్ చేశారు. కాల్పులు ఆగాక సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు వెయ్యండి. భద్రత పేరుతో ఆ చట్టంలోని 8(1)(ఎ) సెక్షన్ చూపించి కాదనొచ్చు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని 8(2) చెబుతోంది, దాన్ని దరఖాస్తులోనే రాయండి. తిరస్కరిస్తే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వెయ్యాలి.