ఆయిల్ లైట్ వెలిగిందా? సెన్సర్ మార్చే ముందు ఇవి చూడండి

ఎండలు ముదురుతున్నాయి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాత కారు ఆయిల్ దీపం మిణుకుమంటే చాలామంది "ఆయిల్ ప్రెషర్ సెన్సరే పోయుంటుందిలే" అని పోనిస్తారు.

• ముందు ఇంజిన్ ఆపండి. ఆయిల్ ప్రెషర్ నిజంగానే పడిపోతే నిమిషాల్లో బేరింగులు అరిగిపోతాయి. సెన్సర్ ఖర్చు దాని ముందు ఎంత!

• చదునైన చోట, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూపే కడ్డీ) చూడండి. వాలులో లెవెల్ తప్పు చూపిస్తుంది.

• మీ సెన్సర్ ఒకే వైరున్న స్విచ్ రకం అయితే, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి వైరు పీకండి. దీపం ఆరాలి. ఆరలేదంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, కొత్త సెన్సర్ కొన్నా దండగే. కనెక్టర్ లోపల ఆయిల్ చెమ్మ ఉంటే మాత్రం సెన్సరే లీకవుతోందని అనుమానించాలి.

• అసలు తీర్పు మెకానికల్ గేజిదే, అంటే ప్రెషర్‌ని నేరుగా కొలిచే మీటరుదే. సెన్సర్ విప్పి ఆ చోట గేజి బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో చూసి, మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ చిక్కగా ఉండి ప్రెషర్ బాగానే కనిపిస్తుంది, నమ్మొద్దు. మెకానిక్ దగ్గర గేజి లేదంటే ఇంకో మెకానిక్‌ని చూసుకోవడం మేలు.

• స్పేర్ పార్టుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తే పాత సెన్సర్ వెంట తీసుకెళ్లండి. మరలు కలవకపోతే సెన్సర్ బిగించే హౌసింగ్ పాడవుతుంది.

• సెన్సర్ మరలకి టెఫ్లాన్ టేపు మరీ చుట్టొద్దు, ఒంటి వైరు సెన్సర్‌కి ఎర్త్ అందదు.