ఎలుకకు కొలెస్టరాల్ మందు పట్టడం ఎలా?

జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి చేతికి రానిదే బోను మూత తీయకండి. విస్టార్ జాతి మగ ఎలుకలు, కొవ్వూ కొలెస్టరాలూ కలిపిన మేత, తూకం, కొనకు గుండు ఉన్న గావేజ్ సూది (నోటి ద్వారా మందును నేరుగా కడుపులోకి దింపేది) ఉంటే చాలు. ఎలుకలను వారం రోజులు కుదురుకోనిచ్చి, రోజూ ఒకసారి చేతిలోకి తీసుకుంటూ ఉండండి.

మన మందు సిమ్వాస్టాటిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటి. అది నీటిలో కరగదు. అర శాతం సీఎంసీ (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ అనే చిక్కబరిచే పొడి) కలిపిన జిగురు నీటిలో నూరి, మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండేలా కలపండి. కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన 250 గ్రాముల ఎలుకకు 1.25 మిల్లీలీటర్లు. పోలిక గుంపుకు ఉత్త జిగురు నీరు ఇలాగే పట్టాలి. తాగే నీళ్ళలో కలిపితే పోదా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. మందు సీసా అడుగునే ఉంటుంది, ఏ ఎలుక ఎంత తాగిందో దేవుడికే తెలియాలి.

ఇక అందరూ పాడుచేసే చోటు. సూదిని ఎలుక పక్కన ఆనించి, నోటి నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి గుర్తు పెట్టండి. మెడ వెనుక వదులు చర్మాన్ని గుప్పిట్లోకి తీసుకోండి. తల కదలకూడదు, ఊపిరి మాత్రం ఆడాలి. పళ్ళ పక్క సందులోంచి సూదిని అంగిలి వెంట వెనక్కి పోనిచ్చి, ఆగండి. పసిబిడ్డకు ఉగ్గు పట్టేటప్పుడు గొంతు కదిలేదాకా అమ్మ చెంచా ఆపుతుంది చూశారా, అంత ఓపిక కావాలి. ఎలుక మింగినప్పుడు సూది తన బరువుకు తానే దిగాలి.

అడ్డు తగిలితే బయటకు తీసి మళ్ళీ మొదలుపెట్టండి. తోస్తే అన్నవాహికకు చిల్లు పడుతుంది, లేదా మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కులోంచి ద్రవం వచ్చిందా, అక్కడితో ఆపి పశువైద్యుణ్ణి పిలవండి. అనంతపురం నుంచి మా బెంగళూరు ప్రయోగశాలకు వచ్చిన ఒక కుర్రాడు “దిగలేదు సార్, కొంచెం నెట్టాను” అన్నాడు. ఆ కొంచెంతోనే ఎలుక పోయింది.

మందు సాయంత్రమే పట్టాలి. ఎలుక కాలేయంలో కొలెస్టరాల్ తయారీ చీకటి వేళ, అది మేసేటప్పుడే ఎక్కువ. మా దగ్గర వానకు కరెంటు పోయి వస్తే దీపాల టైమర్ వెనకబడుతుంది, రోజూ గడియారంతో సరిచూడండి.

చివర రక్తంలో కొలెస్టరాల్ తగ్గలేదని మందు పనిచేయలేదని రాసేయకండి. స్టాటిన్ అడ్డుకునే ఎంజైమునే ఎలుక కాలేయం మరింతగా తయారుచేసుకుంటుంది. జపాన్‌లో అకిరా ఎండో బృందం 1973లో పట్టుకున్న తొలి స్టాటిన్ కాంపాక్టిన్ ఎలుకల్లో ఇలాగే తేలిపోయింది, కోళ్ళలో పనిచేసి బతికిపోయింది. పైగా ఎలుక రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువగా హెచ్‌డీఎల్‌లోనే (‘మంచి’ కొలెస్టరాల్ అనేదానిలో) ఉంటుంది. మనుషుల కోసం కట్టిన ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో ఎల్‌డీఎల్ (‘చెడు’ కొలెస్టరాల్) లెక్కకట్టడం దండగ. కాలేయం ముక్కను కూడా ద్రవ నత్రజనిలో ముంచి, మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. ముక్కను దాచే గొట్టం మీది గరుకు పట్టీపై పెన్సిలుతోనే రాయండి, స్పిరిట్ తగిలితే మార్కర్ రాత చెరిగిపోతుంది.